తీగ చుట్టిన పెట్టె

నా తొడ కోసి, లోపలున్న పాత తుంటి కీలును తీయకుండానే మళ్లీ కుట్టేశారు. దాన్ని పట్టి లాగే పనిముట్టు సరిపోలేదు. ఆ మాట కాగితంలో రాయలేదు. రోగి ఒళ్లు తట్టుకోలేదు గనక ఆపామని రాశారు.

ఇది జరిగింది ఫిబ్రవరి నెలలో, ప్రొద్దుటూరులో. ఆస్పత్రి పేరు రాయను. పేరు రాస్తే చదివేవాళ్లు ఆ ఒక్క ఆస్పత్రిని తిట్టుకుని, తాము పోయే ఆస్పత్రి మంచిదేలే అనుకుని ఊరుకుంటారు. అట్లా ఊరుకోకూడదనే రాస్తున్నాను. ఇప్పుడు గండం గడిచింది. చేతికర్రతో వీధి చివరి దాకా పోయి రాగలను. అయినా ఆ ఆరు నెలలు తలలో ఇంకా కదులుతూనే ఉన్నాయి. కాగితం మీద పెడితే కాస్త కుదురుకుంటాయేమో చూడాలి.

నా పేరు ఓబులేసు. డెబ్బై మూడేళ్లు. బడి ఐదో తరగతితో ఆగింది. ప్రొద్దుటూరులో వేరుశనగ నూనె మిల్లులో ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేశాను. ఇంగ్లీషు నేర్చుకున్నది మిషన్లతో పాటు వచ్చే పుస్తకాల్లోంచి, పక్కన నిఘంటువు పెట్టుకుని. అందుకని బేరింగు, గ్రీజు, ప్రమాదం లాంటి మాటలు నాకు బాగా వచ్చు. మర్యాద మాటలు ఆ పుస్తకాల్లో పెద్దగా తగల్లేదు.

పన్నెండేళ్ల కిందట నా ఎడమ తుంటి అరిగిపోతే పట్నంలో కొత్త కీలు వేశారు. అందులో మూడు భాగాలుంటాయి. నడుము ఎముకలో కూర్చునే గిన్నె, అందులో తిరిగే గుండు, ఆ గుండును మోస్తూ తొడ ఎముక లోపలికి జానెడు దిగే కాడ. ఆ రోజు నా భార్య నారాయణమ్మ బతికే ఉంది. డాక్టరు ఇచ్చిన స్టిక్కర్ల కాగితాన్ని ఆమె చేతికిచ్చి, దీన్ని పోగొట్టొద్దు, ఇందులో కంపెనీ పేరు, రకం, సైజు అన్నీ ఉన్నాయని చెప్పాను. మిల్లులో బేరింగు ఎక్కించిన రోజే దాని నంబరు పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. ఎక్కించేవాడు ఒకడు, పదేళ్ల తర్వాత తీసేవాడు ఇంకొకడు. వాడికి మనం చెప్పి పోవాల్సింది ఆ నంబరే. నారాయణమ్మ దాన్ని పెళ్లిచీరె మడతలో దాచింది. ఆమె పోయిన ఏడాది చీరెలు పంచేటప్పుడు బయటపడితే, తీసి నా నిఘంటువులో పెట్టుకున్నాను.

జనవరిలో కుర్చీలోంచి లేస్తుంటే తొడలో ఏదో జారినట్టయింది. అంతకు ముందు ఏడాదిగా నొప్పి ఉంది. వయసు నొప్పి అనుకున్నాను. ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫోటో తీసి చూపించారు. గుండు గిన్నెను తినేసింది, ఆ పొడి ఎముకను తినేసింది, కాడ పైన వదులైంది, కింద మాత్రం పట్టుకునే ఉంది. మొత్తం తీసి కొత్తది వేయాలన్నారు. వేయడం కంటే తీయడం కష్టమని డాక్టరు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. బేరింగును సుత్తితో ఎవడైనా ఎక్కిస్తాడు. తీయాలంటే దాన్ని పట్టి లాగే పుల్లరు కావాలి. ఆ బేరింగుకు ఆ పుల్లరే కావాలి. ఇరుసు చెడకుండా తీసినవాడే ఫిట్టరు.

ఆ మాటే అన్నాను. "మీకు నేను చెప్పేదేముంది పెద్దాయనా, మీరే సగం డాక్టరు," అన్నాడాయన. మంచి మాటకారి. వేరే పట్నం నుంచి వారానికి రెండు రోజులు వచ్చిపోయేవాడు. స్టిక్కర్ల కాగితం ఆయన ముందే పెట్టాను. నకలు తీయించి ఫైలుకు గుచ్చారు. ఆ కంపెనీ పనిముట్ల పెట్టె పట్నం నుంచి బస్సులో వస్తుంది, వాడుకుని తిరిగి పంపుతామని చెప్పారు. పాత కాడ నెత్తిన, నట్టు లోపల ఉన్నట్టు చుట్లు తిరిగిన మర ఉన్న రంధ్రం ఉంటుంది. పెట్టెలోని కడ్డీని అందులో బిగించి, వెనక్కి కొట్టి లాగాలి. అంతే పని.

ఫిబ్రవరిలో, ఆపరేషనుకు ముందురోజు మధ్యాహ్నం నన్ను చేర్చారు. నా కొడుకు శివ పులివెందుల నుంచి వచ్చాడు. అక్కడ వాడికి మోటారు పంపుల స్పేర్ల అంగడి ఉంది. గది ఖాళీ అయ్యేదాకా థియేటరు ముందున్న నడవాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఫోనొస్తే శివ మెట్ల దగ్గరికి పోయాడు. సాయంత్రం దాకా నేనూ, ఎదురుగా గోడమీద వేలాడే ఆకుపచ్చ తెరా మిగిలాం. నా పక్కన నేలమీద ఒక పెట్టె తెచ్చి పెట్టి పోయారు. బూడిద రంగు, మోకాలెత్తు. మూతకు రెండు కొక్కేలు. అందులో ఒకటి విరిగితే దాని బదులు బైండింగు వైరు నాలుగు చుట్లు చుట్టి మెలిపెట్టారు. అది చూసి నాకు చిరాకేసింది. ఒక కొక్కెం ఎంతసేపు పని. మెలి కూడా ఎడంవైపు తిప్పారు, నాలుగు కుదుపులకు ఊడేట్టుంది. కాలు లాగుతుంటే ఎత్తి దానిమీద పెట్టుకున్నాను. ఓ గంట అట్లాగే ఉన్నాను. ఎవరూ వచ్చి దాన్ని తెరవలేదు.

మిల్లులో నాకొక పద్ధతి ఉండేది. ఏ మిషను విప్పేముందైనా గోనెపట్ట పరిచి, కావాల్సిన పానాలన్నీ వరసగా పెట్టి, ఒక్కొక్కటీ దాని బోల్టుకు ఆనించి చూశాకే మొదటి మర తిప్పేవాణ్ణి. విప్పాక పానా లేదని తెలిస్తే మిషను నడవదు, మిల్లు నడవదు, ఓనరు నోరు ఆగదు. ముప్పై ఎనిమిదేళ్లు తప్పని పద్ధతి. ఆ సాయంత్రం మాత్రం ఆ పెట్టె ఏందని అడగలేదు. ఆస్పత్రి గౌను వేశాక ఆ నోరు ఎక్కడికో పోయింది. ఆ రోజు నేను ఫిట్టరును కాను, మిషన్ను.

మరునాడు పొద్దున నడుముకు సూది వేశారు. నడుము కింద నేను లేనట్టే అయింది. ఛాతీ దగ్గర గుడ్డ అడ్డం కట్టారు. కళ్లు మూతలు పడుతున్నాయి గానీ చెవులు పడలేదు. నొప్పి లేదు. కుదుపు తెలుస్తోంది, ఎవరో నన్ను పట్టుకుని బల్లతో సహా జరుపుతున్నట్టు. ఇనుము మీద ఇనుము తిరిగే చప్పుడు విన్నాను. ఒక చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టులో కిర్రుమని నిలబడిపోయింది. వెనక్కి తిప్పారు. మళ్లీ ఎక్కించారు. మళ్లీ అక్కడే.

"తిరగట్లేదు సార్."

"ఇంకోటి ఇవ్వు."

"ఇంకోటి లేదు సార్. లిస్టులో ఉంది."

"లిస్టులో ఉంటే ఏదీ మరి?"

తర్వాత సుత్తి. పట్టు దొరికిన దెబ్బ ఖణేల్‌మని ఇనుమంతా మోగుతుంది. పట్టు లేని దెబ్బ టక్కుమని చచ్చిపోతుంది. నేను విన్నవన్నీ చచ్చిన దెబ్బలే. ఎన్నో లెక్క తప్పాను. 'ఆపండి సార్, మర కలవలేదు' అని అరవాలనుకున్నాను. నోట్లో నాలుక దుప్పటి ముక్కలా ఉంది.

తెలివొచ్చేసరికి వార్డులో ఉన్నాను. శివ పక్కన నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా?" అన్నాను.

"నాయనా, నీ ఒళ్లు తట్టుకోలేదంట. రక్తం శానా పోతాందని ఆపేసినారు. గుండు మళ్లా పెట్టి కుట్టినారంట."

"ఒళ్లు కాదురా. మర కలవలేదు. నేను విన్నా."

"సూది మత్తులో ఏందేందో వినపడతాదంట. డాక్టరే చెప్పినాడు. గమ్మున పండుకో."

బయట శివతో ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వాడు చదవలేదు. చదివినా వాడు చేసేదేమీ లేదు, అది నాకూ తెలుసు. పదకొండో రోజున ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితాన్ని నేను నిఘంటువుతో కూర్చుని చదివాను. రోగి వయసు, ఎముక బలహీనత, శరీర స్థితి దృష్ట్యా ఆపడమైనది. పనిముట్టు అన్న మాట ఆ రెండు పేజీల్లో లేదు.

మార్చి నెలంతా పులివెందులలో శివ ఇంట్లో ఉన్నాను. ప్రొద్దుటూరులో నా అద్దె గది మేడమీద ఉంది. వాకరుతో మెట్లెక్కే పని లేదు. అంగడి వెనక గదిలో నాకు మంచం వేశారు. పాత మోటార్లు, వైండింగు కాలిన వాసన. ఆ వాసన నాకు పరాయిది కాదు. కోడలు మంచిది. పొద్దున రాగి సంగటి, మాపున అన్నం, మాత్రలు టయానికి. అయితే తెచ్చిపెట్టి పోయేది. "మామా, తిను, సల్లారిపోతాది," అనేది. నేను తినేలోపల అంగట్లో ఎవరో పిలిచేవాళ్లు. నేనొక్కణ్ణే కాలిన మోటార్ల మధ్య కూర్చుని సంగటి మింగేవాణ్ణి.

చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ హాల్లోనే చెప్పేసేవాళ్లు. "ఆపరేషన్ ఫెయిలయింది. వయసు గదా, ఒళ్లు తట్టుకోలా." తలుపు పల్చనిది, నాకంతా వినపడేది. తర్వాత వాళ్లు లోపలికొచ్చి నా వైపు చూసే చూపు నాకు తెలుసు. మిల్లులో నూనె పిండే పాత ఎక్స్‌పెల్లరును పాత ఇనుముకు వేసేముందు ఓనరు దాన్ని అట్లాగే చూసేవాడు. వేముల నుంచి వచ్చిన మా బావమరిది అరటిపండ్లు పెట్టి, "ఇంగేముంది బావా, ఉన్నన్ని దినాలు రామా కృష్ణా అనుకో," అన్నాడు. వాడికి నాకంటే రెండేళ్లు ఎక్కువ.

నొప్పి సంగతి ఎక్కువ రాయను. పక్కకు తిరిగితే కాడ లోపల కదిలేది, తలుపు గడియ వదులైనట్టు. అంతకంటే పెద్దదొకటి ఉంది. నేను చెప్పింది ఒక్కరూ నమ్మలేదు. వాదించినా బాగుండేది. "అవునవును" అనేవాళ్లు. ముసలివాడితో అవునవును అంటే ఆ గదిలో వాడు ఒక్కడే మిగిలాడని అర్థం. ఒకరోజు మధ్యాహ్నం నాకే అనుమానమొచ్చింది. నిజంగానే మత్తులో మిల్లును కలగన్నానా? ఆ రోజు నాకేసిన భయం ఆపరేషను బల్లమీద కూడా వేయలేదు. చెవి మీద బతికినవాణ్ణి. మిషను నడుస్తుండగా చెవి ఆనించి ఏ బేరింగు పోతుందో చెప్పేవాణ్ణి. ఆ చెవి అబద్ధమైతే ఇక నా దగ్గర నాది అనేదేముంది?

మొదటి ఉత్తరం అప్పుడే రాశాను. మర కలవని పనిముట్టు తెచ్చారా లేదా, తెచ్చివుంటే ఆ మాట కాగితంలో ఎందుకు లేదు, దిద్ది ఇవ్వండి అని. జవాబు లేదు. రెండోది రాశాను. దానికి ఆస్పత్రి ఆఫీసు నుంచి శివకు ఫోనొచ్చింది. ఆ సాయంత్రం వాడు అంగడి మూసి వచ్చి నా మంచం పక్కన పాత మోటారు మీద కూర్చున్నాడు.

"నాయనా, మళ్లా ఆయప్ప చేతి కిందికే పోవల్ల నువ్వు. కత్తి ఆయన చేతిలో ఉంటాది. ఇప్పుడే మంట పెట్టుకుంటావా?"

"నేను అడిగింది ఒక్క మాటరా."

"ఆ ఒక్క మాటకే గదా వాళ్లు నాకు ఫోన్ చేసింది. నువ్వు అడగతాండావు, నేను తల దించుకుంటాండా."

"నువ్వు నమ్ముతాండావా లేదా, అది చెప్పు."

వాడు చాలాసేపు చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "నీ కాలు బాగయితే నాకు చాలు నాయనా," అన్నాడు. అది ప్రేమే. ప్రేమ కాదని అనను. కానీ నేను అడిగిందానికి అది జవాబు కాదు.

ఏప్రిల్ మొదట్లో, నన్ను జమ్మలమడుగు పంపమన్నాను. అక్కడ మస్తాన్ ఉన్నాడు. మా మిల్లులో ఇనుము చెక్కే లేతు మిషను మీద పాతికేళ్లు పనిచేసినవాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న. శివ కారు మాట్లాడి తీసుకుపోయాడు. ముద్దనూరు దగ్గర రైల్వే గేటు పడింది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు పొగ వదులుతుంటే గూడ్సు బండి వరసగా పోతూనే ఉంది. పట్టాలు దాటేటప్పటి కుదుపుకు నేను సీటు అంచు కరిచి పట్టుకున్నాను.

మస్తాన్ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "ఏమన్నా, ఇనుము నిన్ను ఇడిసిపెట్టనంటాందంటనే?" అన్నాడు. రెండు నెలల్లో నాతో ఎగతాళిగా మాట్లాడిన మొదటి మనిషి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి అనుకుని వాళ్లింట్లోవాళ్లు చాప తెచ్చారు.

అంతా చెప్పాను. మస్తాన్ లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చాడు. అందులో బోల్టులు, నట్లు. పాత అంగుళాల మరవి కొన్ని, మిల్లీమీటర్లవి కొన్ని.

"అట్ల గోడ పక్కకు తిరుగు. కళ్లు మూసుకో. నేను ఎక్కిస్తా. ఏది కలిసింది, ఏది కలవల్యా, నువ్వు చెప్పు."

"పరీక్షనా?"

"నీకు కాదన్నా, నీ చెవులకు."

తిరిగాను. మొదటిది చివరిదాకా మెత్తగా పోయింది. కలిసిందన్నాను. రెండోది మూడో చుట్టులో కిర్రుమంది. అదే చప్పుడు. బల్లమీద విన్న చప్పుడు అదే. అంగుళాల మరలోకి మిల్లీమీటరుది ఎక్కించావన్నాను. ఏడుసార్లు చేశాడు. ఏడింటికి ఏడూ చెప్పాను.

మస్తాన్ డబ్బా మూత పెట్టాడు. "చెవులు బాగుండాయి. ఇంగ నీ కొడుకు చెవులు చూపియ్యల్ల ఎవురికైనా."

ఆ పైన ఇద్దరికీ ఒకటే సంగతి గుర్తొచ్చింది. మిల్లులో పాత ఎక్స్‌పెల్లరుకు కొత్త ఇరుసు తెప్పిస్తే అదే కంపెనీ, అదే పేరు, పైకి అదే రూపు. విప్పి పరిచాక చూస్తే మర వేరు. కంపెనీవాళ్లు మధ్యలో అంగుళాలు మాని మిల్లీమీటర్లలోకి పోయారు, పేరు మార్చలేదు. నాలుగు రోజులు మిల్లు ఆగింది. అప్పటినుంచే నా గోనెపట్ట పద్ధతి. నా తొడలోనూ అదే జరిగివుంటుంది. కంపెనీ పేరు చూసి పెట్టె పంపివుంటారు. పన్నెండేళ్లలో మర మారివుంటుంది. పేరు కలిసింది గదా అని ఎవరూ ఆనించి చూసివుండరు.

మస్తాన్ ఇంట్లో తొమ్మిది రోజులున్నాను. నా కష్టం తీరలేదు గానీ ఆ తొమ్మిది రోజులూ రాత్రి నిద్రపట్టింది.

ఏప్రిల్ చివర మళ్లీ అదే డాక్టరు దగ్గరికి పోయాను. ఎందుకు పోయావని కొందరడిగారు. ఒకసారి విప్పినవాడికే లోపలేముందో తెలుసు. తప్పు చేసినవాడు రెండోసారి జాగ్రత్తగా ఉంటాడు, అది కూడా మిల్లులో నేర్చుకున్నదే. ఈసారి సరైన సెట్టు కావాలని రాసి పంపించామన్నాడాయన.

"పోయినసారి ఏమైంది సార్?" అన్నాను.

"పోయినసారి పెట్టె బస్సులో ఆలస్యమైంది పెద్దాయనా. ఆపరేషను రోజు పొద్దుటే హడావిడిగా వచ్చింది, చూసుకోడానికి టైము లేదు. అయినా అసలు సంగతి మీ ఎముక, బలహీనంగా ఉంది."

"ఈసారి సూది వేసేముందు ఆ పనిముట్లు నాకు చూపించండి."

శివ నా భుజం నొక్కాడు. డాక్టరు నవ్వాడు. "మామీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది సార్. పెట్టె మీద లేదు."

ఆయన ఫైలు మూశాడు. చూపించరనే అనుకున్నాను. మే నెలలో, ఆపరేషనుకు ముందురోజు మధ్యాహ్నం, థియేటరు సిస్టరు సుగుణ తోపుడుబండి మీద ఒక పెట్టెను నా మంచం దాకా తోసుకొచ్చింది. మా ప్రొద్దుటూరు పిల్లే. ముప్పై ఏళ్లుంటాయి.

"తాతా, ఉడకబెట్టే మిషన్లో పెట్టేముందు తెచ్చినా. బిన్నా చూడు, టయం లేదు. సార్ చూపించమన్యాడు. ముట్టుకోవద్దు, మళ్లా కడగల్ల."

నేను పెట్టెలోకి చూడలేదు. మూత వైపే చూస్తూ ఉండిపోయాను. బూడిద రంగు. రెండు కొక్కేలు. ఒకదాని బదులు బైండింగు వైరు, నాలుగు చుట్లు, ఎడంవైపు మెలి.

"ఇది ఇంతకు ముందు వచ్చిందామ్మా?"

"ఫిబ్రవరిలో నీకు వచ్చింది ఇదే గదా. లోపల సామాను మార్చినారు, పెట్టె అదే."

ఫిబ్రవరిలో, ముందురోజు సాయంత్రం, నేను కాలు పెట్టుకున్న పెట్టె. ఆలస్యమైందన్న పెట్టె. అది నా మడమ కిందే ఉంది. ఒక్కరు ఆ వైరు విప్పి, ఆ కడ్డీ తీసి, నా ఫైలుకు గుచ్చిన కాగితంతో సరిచూసివుంటే పావుగంట పని. పట్నానికి ఫోన్ చేసి, ఇది కాదు, పాత రకం పంపండి అంటే సరిపోయేది.

నేనేమీ అనలేదు. ఇది సిగ్గుతోనే రాస్తున్నాను. మరునాడు ఆ చేతుల కిందే పడుకోవాలి. శివ చెప్పిన కత్తి గుర్తొచ్చింది. నోరు మూసుకుని లోపలికి చూశాను.

లోపల పనిముట్లు ఎంత బాగున్నాయో చెప్పలేను. గిన్నెను ఎముకలోంచి విడదీసే వంపు కత్తులు, చిన్న కొడవళ్ల లాంటివి, ఒక్కో సైజు గిన్నెకు ఒక్కోటి. అవి గిన్నె చుట్టూ ఒరుసుకుంటూ తిరుగుతాయి, ఎముక ఎక్కువ పోకుండా. కాడ పక్కన దింపే పల్చని ఉలులు, వేలితో వంచితే వంగేట్టున్నాయి. చివర మర ఉన్న కడ్డీలు రెండు, పాత రకానికి ఒకటి, కొత్త రకానికి ఒకటి. ఏ మరా పట్టకపోతే కాడ మెడను కరిచి పట్టే బిగింపు ఒకటి. ఇంకా, కడ్డీ మీద జారే బరువు. దాన్ని వెనక్కి విసిరితే చివర తగిలి కాడను లాగుతుంది. మిల్లులో మేము అచ్చం అట్లాంటిదే చేసుకున్నాం, మస్తానే లేతు మీద తిప్పాడు. మెరుగు ఒక్కటే తేడా.

"ఈ రెంట్లో నాది ఏది?" అన్నాను. సుగుణ ఫైలు తెచ్చింది. స్టిక్కర్ల నకలు, కడ్డీ మీది నంబరు పక్కపక్కన పట్టింది. వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. కలిసింది.

"ఇప్పుడు నిద్రపోతావా తాతా?"

"పోతానమ్మా."

మరునాడు బల్లమీద చెవులు తెరుచుకునే ఉన్నాను. చుట్టు తర్వాత చుట్టు, కడ్డీ చివరిదాకా మెత్తగా దిగింది. తర్వాత దెబ్బ. ఖణేల్‌మంది. తొడలోంచి కాక పుర్రెలోంచి మోగినట్టు. రెండు. మూడు. ఉలులతో ఏదో చేశారు. మళ్లీ. తొమ్మిదో దెబ్బకు బుడ్డికి బిగిసిన బిరడా వచ్చినట్టు వచ్చేసింది. గుడ్డ అవతల ఎవరో ఊపిరి వదిలారు. నా ఎముక అదే, నా వయసు మూడు నెలలు పెరిగింది. ఒళ్లు తట్టుకుంది.

జూన్‌లో వాకరు వదిలి కర్ర పట్టాను, ప్రొద్దుటూరులో నా గదికి తిరిగొచ్చాను. అప్పుడు మూడో ఉత్తరం రాశాను, రిజిస్టరు చేసి, డాక్టరు పేరుతోనే. కాలు నిలబెట్టినందుకు మొదట దండం పెట్టాను, అది ఉత్తుత్తి దండం కాదు. తర్వాత రెండే రెండు ప్రశ్నలు. ఫిబ్రవరిలో ఆగింది నా ఒళ్లు తట్టుకోకనా, మర కలవకనా? పెట్టె ఎప్పుడొచ్చింది? దానికింద పెట్టె రంగు, విరిగిన కొక్కెం, వైరు చుట్లు, మెలి ఏవైపో, ఎక్కడ ఉందో, దానిమీద నా కాలు ఎంతసేపుందో రాశాను. కేసు పెడతానని రాయలేదు. పెట్టను కూడా.

శివకు చెప్పే పంపాను. "ఇంగ నువ్వు మారవు నాయనా," అన్నాడు. కోపంగా అనలేదు.

ఇట్లాంటి కీలు ఒంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పదలుచుకుంది కొంచెమే. వేసిన రోజు ఇచ్చిన స్టిక్కర్ల కాగితాన్ని పెళ్లిచీరె మడతలోనైనా దాచుకోండి. తీసే రోజు వస్తే, తీసే పనిముట్టు ఈ కాగితానికి సరిపోతుందా, పెట్టె తెరిచి చూశారా అని అడగండి. అడిగితే వాళ్లకు కోపమొస్తుంది. రానీయండి. నేను పెట్టె పక్కన గంటసేపు కూర్చుని అడగలేదు. అందుకు నా తొడ రెండుసార్లు తెగింది. వాళ్ల తప్పు వాళ్లది, కానీ ఆ గంట మాత్రం నాదే.

జూలై అంతా ఏమీ రాలేదు. ఆగస్టులో ఒకరోజు పొద్దున శివ అంగడి వదిలేసి ప్రొద్దుటూరు వచ్చాడు. ఉత్తరం వాడి అడ్రసుకు వచ్చింది. కవరు చించలేదు. నేను కళ్లద్దాలు వెతుక్కుంటుంటే, "నేను చదువుతా నాయనా," అని మంచం అంచున కూర్చున్నాడు. అచ్చు వేసింది కాదు, చేత్తో రాసింది. వాడు ఒకసారి పైకి చదివాడు. రెండోసారి లోపల చదువుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండా, "ఎడంవైపు మెలి అంటివే," అన్నాడు. అంతే అన్నాడు. ఆ ఉత్తరంలో ఉన్నది ఇది:

"ఓబులేసు గారికి నమస్కారం. మీ మూడు ఉత్తరాలూ అందాయి. మొదటి రెండింటికి జవాబు రాయకపోవడం నా తప్పు. ఫిబ్రవరి కేసు షీటులో 'రోగి శరీర స్థితి వల్ల' అని రాసింది నేనే. దాన్ని కొట్టివేసి, 'పాత కాడకు పనిముట్టు మర సరిపోనందువల్ల' అని రాసి సంతకం చేశాను. నకలు జతచేస్తున్నాను. ఆ రోజు బల్లమీద మీరు విన్నది నిజమే. ఇక మీ రెండో ప్రశ్న. పెట్టె ముందురోజు మధ్యాహ్నమే వచ్చింది. మీరు చెప్పిన చోటే ఉంది. నేను ఆ సాయంత్రం రెండుసార్లు దాని పక్కనుంచే నడిచాను. తెరిచి చూడలేదు."